దేవుని మాట వినడం: చిన్నపిల్లలకు ఏ బైబిలు కథ చెప్పాలి?

సండే స్కూలు పిల్లలకు "దేవుని మాట వినాలి" అనే పాఠం చెప్పమని మిమ్మల్ని అడిగారనుకోండి. బైబిలు తెరిస్తే కథలకు కొదువ లేదు. సమూయేలు ఉన్నాడు, యోనా ఉన్నాడు, నోవహు ఉన్నాడు, బండమీద ఇల్లు కట్టినవాడు ఉన్నాడు, యేసు పాదాల దగ్గర కూర్చున్న మరియ ఉంది. పైకి అన్నీ ఒకే పాఠం చెబుతున్నట్టు ఉంటాయి. పిల్లల మనసులో దిగేది మాత్రం ఒక్కో కథకు ఒక్కో తీరు. నాలుగేళ్ళ బిడ్డకు యోనా కథ చెబితే ఇంటికి తీసుకెళ్ళేది చేప నోరు ఒక్కటే. పదేళ్ళ పిల్లవాడికి గొర్రెల కథ చెబితే ఇది చిన్నోళ్ళది అని కిటికీలోంచి బయటికి చూస్తాడు.

కడప, కర్నూలు, అనంతపురం వైపు చాలా సంఘాల్లో పిల్లలను వయసుల వారీగా విడదీసే వసతి ఉండదు. ఒకటే గది, ఒకటే చాప, ఒక టీచరక్క. మూడేళ్ళ పాప, ఎనిమిదో తరగతి పిల్లవాడు పక్కపక్కనే కూర్చుంటారు. సీఎస్‌ఐ గుడి అయినా, బాప్టిస్టు సంఘమైనా, పెంతెకొస్తు మందిరమైనా, కతోలిక గుడిలో జ్ఞానోపదేశం తరగతి అయినా ఈ ఇబ్బంది ఒకటే. అందుకే ఏ కథ ఎవరికి అని ముందే తేల్చుకోవాలి.

నా ఎంపిక ముందే చెబుతాను, కారణాలు తరువాత. ఐదేళ్ళ లోపు పిల్లలకు గొర్రెల కాపరి. ఆరు నుంచి ఎనిమిది దాకా సమూయేలు. తొమ్మిది దాటినవాళ్ళకు యోనా, అదీ నాలుగో అధ్యాయం చివరి దాకా చెప్పగలిగితేనే. తక్కిన కథలు వీటి పక్కన నిలబడతాయి, కొన్ని సందర్భాల్లో వీటికన్నా బాగా పనిచేస్తాయి.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది భయం. ఈ కథ విన్న రాత్రి బిడ్డ నిద్రపోతుందా? మన ఊళ్ళలో "మాట వినకపోతే దేవుడు కళ్ళు పోగొడతాడు" అనే మాట పెద్దవాళ్ళ నోట సులువుగా వచ్చేస్తుంది. అన్నం తినకపోయినా అదే, పలక పగలగొట్టినా అదే. ఆ మాటలు విని పెరిగే బిడ్డ ముందు మనం జలప్రళయం కథో చేప కథో పెట్టి, చివర్లో "చూశారా, దేవుని మాట వినకపోతే ఏమవుతుందో" అన్నామంటే, ఇంట్లో పడిన భయానికి గుడి ముద్ర వేసినట్టే. కథలో శిక్ష ఉండడం తప్పు కాదు. ఆ వయసుకు శిక్ష ఒక్కటే గుర్తుండిపోయే కథ అయితే దాన్ని రెండు మూడేళ్ళు పక్కన పెట్టండి.

రెండోది, కథలో "వినడం" ఎలా కనిపిస్తుందన్నది. కొన్ని కథల్లో దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు. అది విన్న పిల్ల తననూ అలాగే పిలుస్తాడని రాత్రి చెవులు రిక్కించుకుని పడుకుంటుంది. పిలుపు రాకపోతే "నేను మంచిదాన్ని కాదేమో" అనుకుంటుంది. దేవుడు ఈ రోజుల్లో ఎలా మాట్లాడతాడన్న దాని మీద సంఘాల మధ్య తేడాలున్నాయి. కొందరు వాక్యం ద్వారానే అంటారు, కొందరు ప్రార్థనలో స్వరం వినిపిస్తుందని సాక్ష్యం చెబుతారు. మీ సంఘం నమ్మకం ఏదైనా, పిల్ల అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగా ఉండాలి. నేనైతే ఇలా చెబుతాను: "మనం బైబిలు చదువుకున్నప్పుడు దేవుడు చెప్పేది వింటున్నాం. చెవికి వినపడకపోయినా ఆయన నిన్ను మరిచిపోలేదు."

మూడోది సోమవారం. ఆదివారం విన్న పాఠంతో సోమవారం బడిలో, ఇంట్లో, వీధిలో బిడ్డ చేయగల పని ఒకటైనా ఉండాలి.

నాలుగోది నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది. దేవుని మాట వినడం వేరు, పెద్దవాళ్ళు ఏది చెబితే అది చేయడం వేరు. ఈ రెండిటినీ కలిపేసి చెప్పడం మన తరగతుల్లో మామూలైపోయింది. "అమ్మానాన్న మాట, టీచరు మాట, అయ్యగారి మాట వింటే దేవుని మాట విన్నట్టే" అని ముగించేస్తాం. తల్లిదండ్రులకు విధేయులై ఉండమని వాక్యంలో ఉంది, నిజమే. కానీ ఒక పెద్దమనిషి బిడ్డను తాకకూడని చోట తాకి, "దేవుడు చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దు" అంటే? ఆ పాఠం విన్న బిడ్డ నోరు మూసుకుంటుంది. కాబట్టి ప్రతి కథ చివర ఒక మాట కలపండి: "ఎవరైనా నిన్ను బాధపెట్టి, రహస్యంగా ఉంచమంటే అది దేవుని మాట కాదు. వాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా, గుడిలోవాళ్ళైనా సరే, అమ్మకు చెప్పు." పిల్లల సహాయానికి ప్రభుత్వం నడిపే 1098 నంబరు ఉంది. గోడ మీద రాసిపెట్టండి. కథ ఎంచుకునేటప్పుడు కూడా, ఈ తేడా చూపించడానికి వీలున్న కథకు ఎక్కువ మార్కులు వేయండి.

ఐదోది మన నేల. కథలోని వస్తువు బిడ్డ కళ్ళతో చూసిందైతే సగం పని అయిపోయినట్టే.

ఒక చూపులో

| కథ | బైబిలు భాగం | తగిన వయసు | బలం | జాగ్రత్త |
|---|---|---|---|---|
| కాపరి స్వరం | యోహాను 10 | 3–6 | ప్రేమ, పరిచయం, మన పిల్లలు చూసినదే | "తరువాత గొర్రెను కోస్తారా?" అనే ప్రశ్న |
| సమూయేలు | 1 సమూయేలు 3 | 5–9 | కథానాయకుడు పిల్లవాడే | రాత్రిపూట స్వరం. 11వ వచనం నుంచి బరువైన కబురు |
| నయమాను | 2 రాజులు 5 | 6–10 | చిన్నపిల్ల మాటను పెద్దవాళ్ళు విన్నారు | కుష్ఠు గురించి చిన్నచూపు రాకుండా చూడాలి |
| రెండు ఇళ్ళు | మత్తయి 7:24–27 | 6–12 | విని చేయడం అనే తేడా స్పష్టం | వరద చూసిన పిల్లలు |
| యోనా | యోనా 1–4 | 9 పైన | రెండోసారి అవకాశం, దేవుని దయ | చేప దగ్గర ఆపేస్తే బెదిరింపు అవుతుంది |
| నోవహు | ఆదికాండము 6–9 | 8 పైన | ఓపికగా చేసిన పెద్ద పని | మునిగిపోయినవాళ్ళ గురించి ప్రశ్నలు |
| మార్త, మరియ | లూకా 10:38–42 | 8 పైన | ఆగి వినడం | పనిచేసే అమ్మను తక్కువ చేయకూడదు |
| ఏలీయా | 1 రాజులు 19 | 10 పైన | నిశ్శబ్దం | చిన్నవాళ్ళకు అందదు |

కాపరి స్వరం: చిన్నవాళ్ళకు ఇదే మొదలు

అనంతపురం జిల్లా గొర్రెల మందలకు పేరు పడ్డ నేల. భుజాన నల్ల కంబళి, చేతిలో కట్టె, ముందు మంద. ఇది చూడని పల్లె బిడ్డ మన వైపు తక్కువ. ఎరువు కోసం రైతులు పొలంలో మంద పెట్టించుకుంటారు, పిల్లలు గట్టు మీద నిలబడి చూస్తారు. కాపరి నాలుకతో ఒక శబ్దం చేస్తే మంద అంతా తిరగడం వాళ్ళు కళ్ళారా చూసినదే. "నా గొఱ్ఱెలు నా స్వరము వినును, నేను వాటి నెరుగుదును, అవి నన్ను వెంబడించును" అనే వచనానికి ఇంకే వివరణా అక్కరలేదు.

ఈ కథలో నాకు నచ్చేది వరుస. కాపరికి గొర్రె ముందే తెలుసు, పేరు పెట్టి పిలుస్తాడు, ముందు నడుస్తాడు. వినడం ఆ పరిచయం నుంచి పుడుతుంది. మూడేళ్ళ బిడ్డకు దేవుణ్ణి గురించి మొదట తెలియవలసింది ఈ పరిచయమే. పైగా అయిదో వచనంలో, అన్యుల స్వరం గొర్రెలు ఎరగవు కాబట్టి వాటిని వెంబడించవని ఉంది. పైన చెప్పిన నాలుగో సంగతికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. "తెలియని మనిషి పిలిస్తే గొర్రె పోదు. నువ్వు?" అని అడగండి, వాళ్ళే చెబుతారు.

ఆట కూడా సులభం. ఒక బిడ్డకు కళ్ళకు గంతలు కట్టి, వాళ్ళ అక్కతో ఒక మూల నుంచి, వేరేవాళ్ళతో ఇంకో మూల నుంచి పిలిపించండి. అక్క గొంతు పట్టుకుని నడిచి వెళ్తుంది. గంతలు ఇష్టపడని పిల్లలుంటారు, వాళ్ళను కళ్ళు మూసుకోమంటే చాలు.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. జాతరలు, బక్రీదు చూసిన పిల్లలు కదా, "తరువాత కాపరి గొర్రెను అమ్మేస్తాడు కదా అక్కా, కోస్తారు కదా" అంటారు. దాటేయకండి. 11వ వచనం చదవండి: మంచి కాపరి గొర్రెల కోసం తన ప్రాణం పెడతాడు. "వేరే కాపరులు గొర్రెను అమ్ముతారు, యేసు అమ్మడు, నీకోసం తన ప్రాణమే ఇచ్చాడు" అంటే నాలుగేళ్ళ బిడ్డకు కూడా అందుతుంది.

సమూయేలు: అందరికీ తెలిసిన కథే, సగమే చెబుతాం

షిలోహు మందిరంలో పిల్లవాడు పడుకుని ఉన్నాడు. పిలుపు వినబడింది. ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు. "నేను పిలవలేదు, పోయి పడుకో" అన్నాడు ముసలాయన. ఇలా మూడుసార్లు. మూడోసారికి గాని ఏలీకి తట్టలేదు, పిలుస్తున్నది యెహోవా అని. నాలుగోసారి పిలుపు వచ్చినప్పుడు పిల్లవాడు అన్నాడు: "నీ దాసుడు ఆలకించుచున్నాడు."

ఆరేడేళ్ళ పిల్లలకు ఇంతకన్నా మంచి కథ నాకు కనిపించలేదు. వీరుడు రాజు కాదు, ప్రవక్త కూడా ఇంకా కాలేదు, వాళ్ళ ఈడు పిల్లవాడు. పైగా మొదటి మూడుసార్లూ పొరపాటు పడ్డాడు, దేవుడు కోప్పడలేదు, మళ్ళీ పిలిచాడు. "అప్పటికి అతను యెహోవాను ఎరగడు" అని ఏడో వచనంలోనే ఉంది. అర్థం కాకపోయినా దేవుడు ఓపిక పడతాడన్న సంగతి ఈ కథలో కనబడినంత తేటగా ఇంకెక్కడా కనబడదు. తరగతిలో ఆడించడానికీ వీలు: చాప ఈ చివర ఏలీ, ఆ చివర సమూయేలు, పిలుపు గోడ వెనక నుంచి. పరుగెత్తడం పిల్లలకు ఇష్టం, మూడుసార్లూ పరుగెత్తనివ్వండి, తొందరపెట్టకండి.

చాలామంది పదో వచనం దగ్గర ఆపేస్తారు. ఐదేళ్ళ వాళ్ళకు ఆపడమే మంచిది, ఎందుకంటే ఆ తరువాత దేవుడు చెప్పింది, కొడుకుల చెడ్డపనులను ఆపనందుకు ఏలీ ఇంటి మీదికి రాబోయే తీర్పు. కానీ ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు 18వ వచనం దాకా వెళ్ళండి. తెల్లవారి సమూయేలు ఏలీకి చెప్పడానికి భయపడ్డాడు. ఏలీ దాచొద్దని అడిగాడు. పిల్లవాడు ఏమీ దాచకుండా అంతా చెప్పాడు. పెద్దాయన తప్పు గురించి ఒక చిన్న పిల్లవాడు ఆయన ఎదుటే నిజం చెప్పాడు, ఆ పెద్దాయన కొట్టలేదు, విన్నాడు. దేవుని మాట వినడమంటే పెద్దల ముందు మౌనంగా తల ఊపడం కాదని చూపించే చోటు ఇది. దీన్ని వదిలేస్తే కథలోని సగం బలం పోతుంది.

ఒక జాగ్రత్త. రాత్రి, దీపం, ఒంటరిగా పడుకున్న పిల్లవాడు, ఎవరిదో గొంతు. పిరికి పిల్లలకు పడుకునే ముందు ఈ కథ చెప్పకండి, పగటిపూట చెప్పండి.

నయమాను: మనవాళ్ళు ఎందుకో తక్కువగా వాడే కథ

కుష్ఠు ఉన్న సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో చెరపట్టి తెచ్చిన ఇశ్రాయేలు చిన్నది ఒకతె పనిచేస్తోంది. ఆ పిల్ల తన యజమానురాలితో ఒక మాట అంది, ఆ మాట విని అంత పెద్ద మనిషి ప్రయాణం కట్టాడు. ప్రవక్త ఎలీషా యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమన్నాడు. మా దమస్కు నదులు దీనికన్నా మంచివి కావా అని నయమాను కోపంతో వెనక్కి తిరిగాడు. దాసులు నచ్చజెబితే వెళ్ళి మునిగాడు, బాగుపడ్డాడు.

తుంగభద్ర ఒడ్డు పిల్లలకు ఆ కోపం వెంటనే అర్థమవుతుంది, "మన ఏరే గొప్ప" అనే మాట వాళ్ళదే. ఏడుసార్లు లెక్కపెడుతూ అందరూ కూర్చుని లేవడం చిన్నవాళ్ళకు సంబరం. ఇందులో దేవుని మాట ముందు ఒక పనిపిల్ల నోటి నుంచి వచ్చింది, తరువాత పనివాళ్ళ నోటి నుంచి వచ్చింది. ఇంట్లో పనికి వచ్చే అమ్మ పిల్లలు, కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలు మన తరగతుల్లో కూర్చుంటారు. వాళ్ళ మాటకు విలువ ఉందని బైబిలు చెప్పే చోట గట్టిగా నిలబడి చెప్పండి. కుష్ఠు విషయంలో మాత్రం, ఈనాడు దానికి మందులున్నాయని, అది శాపం కాదని ఒక వాక్యం కలపాలి. అబద్ధమాడి కానుకలు తీసుకుని కుష్ఠు తెచ్చుకున్న ఎలీషా పనివాడు గేహజీ సంగతి చిన్నవాళ్ళకు వద్దు.

రెండు ఇళ్ళు: వరద ఎరిగిన ఊళ్ళలో

బండ అంటే మన పిల్లలకు చెప్పాలా? కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు పరిచిన ఇళ్ళలోనే పాకి నడక నేర్చుకున్నారు. ఇసుక అంటే పెన్న. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి, పిల్లలు ఆడుకునే మైదానంగా ఉండి, ఒక్కసారిగా పారే ఏరు అది. ఎండిన ఇసుకలో ఇల్లు కట్టాలన్న ఆలోచన మనిషికి ఎలా వస్తుందో కోస్తా వాళ్ళకన్నా మనకే బాగా తెలుసు.

ఉపమానం సరిగ్గా చదివితే ఇద్దరూ విన్నవాళ్ళే. ఒకడు విని చేశాడు, ఇంకొకడు విని చేయలేదు. తేడా అంతే. "వినని పిల్లవాడు, విన్న పిల్లవాడు" అని మార్చి చెప్పకండి, అసలు పదును పోతుంది. ఆరు నుంచి పన్నెండు దాకా అందరికీ పనికొస్తుంది, సోమవారం చేయవలసిన పని కూడా చేతికి దొరుకుతుంది: నిన్న విన్నదాంట్లో ఒకటి ఈ రోజు చేయడం.

కానీ 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. పాతబస్తీలో ఆ నీళ్ళు చూసినవాళ్ళు ఈనాటి పిల్లల అమ్మానాన్నలు, అవ్వాతాతలు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు పల్లెలను ముంచెత్తింది, ఇళ్ళు పోయాయి, మనుషులు పోయారు. అలాంటి ఇంటి బిడ్డ ముందు "ఇల్లు కొట్టుకుపోయింది, ఎందుకంటే వాడు మాట వినలేదు" అంటే ఆ బిడ్డకు ఏం వినబడుతుంది? ఆ పల్లెల్లో ఈ కథ చెప్పేటప్పుడు ముందే చెప్పాలి: యేసు ఇక్కడ మన బతుకును ఇల్లు అంటున్నాడు, వరదలో ఇల్లు పోయినవాళ్ళు దేవుడి మాట విననివాళ్ళు కారు, వాన ఇద్దరి ఇళ్ళ మీదా కురిసింది. ఇది చెప్పే ధైర్యం లేకపోతే ఆ ఊళ్ళో వేరే కథ ఎంచుకోండి.

యోనా: పూర్తిగా చెప్పాలి, లేదంటే వద్దు

యోనా మన తరగతుల్లో బెదిరింపు కథగా మారిపోయింది. నీనెవె పట్టణానికి వెళ్ళి హెచ్చరించమని దేవుడంటే పారిపోయాడు, తుఫాను వచ్చింది, చేప మింగింది, బుద్ధి వచ్చింది. పుస్తకం చదివితే చేప వచ్చింది సముద్రంలో మునిగిపోతున్నవాణ్ణి కాపాడటానికి. మూడు పగళ్ళు, మూడు రాత్రులు లోపల బతికే ఉన్నాడు, ప్రార్థన చేశాడు. మూడో అధ్యాయం మొదట్లోనే దేవుని వాక్కు రెండోమారు వచ్చింది, అదే పని, అదే మనిషికి. నాలుగో అధ్యాయంలో యోనా మాట విన్న తరువాత కూడా, పగవాళ్ళైన నీనెవెవాళ్ళను దేవుడు క్షమించాడని అలిగి కూర్చున్నాడు. దేవుడు అతనికి నీడగా సొరచెట్టు మొలిపించి, దాన్ని ఎండగొట్టే పురుగును పంపి, లక్షా ఇరవై వేలకన్నా ఎక్కువ మంది ఉన్న నీనెవె మీద, అక్కడి పశువుల మీద తనకు జాలి ఉండకూడదా అని అడిగాడు. పుస్తకం ఆ ప్రశ్నతోనే ఆగిపోతుంది.

తొమ్మిది దాటిన పిల్లలు ఈ ప్రశ్నను పట్టుకుని వాదిస్తారు. పగవాళ్ళ మీద దేవుడు జాలిపడడం న్యాయమేనా? పాత కక్షల కథలు వింటూ పెరిగే మన సీమ పిల్లలకు ఈ ప్రశ్న ఎంతో అవసరం. పై తరగతుల పిల్లలకు నేను మిగతా కథలన్నిటికన్నా దీన్నే ముందు పెడతాను. నాలుగు అధ్యాయాలూ కలిపి రెండు ఆదివారాలు పడుతుంది. ఒక్క ఆదివారమే ఉంటే ఇది తీసుకోకండి.

తక్కినవి క్లుప్తంగా

నోవహు కథలో మునిగిపోయినవాళ్ళ గురించి ఐదేళ్ళ పిల్లలే ముందు అడుగుతారు. ఓడ, జంతువుల జతలు, ఇంద్రధనుస్సు మాత్రం చెప్పి ఊరుకుంటే అబద్ధం కాదు, కానీ ప్రశ్న ఇంకెప్పుడో తప్పదు. పెద్ద పిల్లలకు చెబితే ఓడ 300 మూరల పొడవును బయట వీధిలో పిల్లలతోనే మూరలు వేయించి కొలిపించండి. పూలమ్మే అవ్వ కొలిచే మూరే అది. అన్ని మూరలు కొలిచేసరికి ఓడ కట్టడానికి ఎంత ఓపిక కావాలో వాళ్ళకే తెలిసిపోతుంది.

మార్త, మరియల కథ ఆడపిల్లలున్న తరగతిలో బరువైనది. ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే టీ పెట్టడానికి లేచి వెళ్ళేది తమ్ముడు కాదు, అక్క. పనిలో సాయానికి మరియను పంపమని మార్త అడిగినా, యేసు కూర్చుని వింటున్న ఆ ఆడమనిషిని లేపలేదు. దీన్ని మగపిల్లల ముందు కూడా చెప్పండి, వచ్చే వారం టీ గ్లాసులు వాళ్ళతో కడిగించండి. మార్తను ఆలోచించని మాటలతో తక్కువ చేస్తే రోజంతా కష్టపడే తల్లులు నొచ్చుకుంటారు.

ప్రవక్త ఏలీయా విన్న "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" పదేళ్ళ పైవాళ్ళకు. కథకు ముందు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా కూర్చోబెట్టి, ఏమేం వినబడ్డాయో అడగండి. అలసిపోయి చచ్చిపోతే బాగుండు అన్న ప్రవక్తను దేవుడు తిట్టకుండా, నిద్రపోనిచ్చి, రొట్టె నీళ్ళు ఇచ్చి, ఆ తరువాతే మాట్లాడాడన్నది మరిచిపోకండి.

అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయిన కథను మాత్రం పదేళ్ళ లోపు పిల్లలకు విధేయత పాఠంగా చెప్పకండి. ఆ వయసు బిడ్డ తనను అబ్రాహాము చోట ఊహించుకోదు, ఇస్సాకు చోట ఊహించుకుంటుంది. ప్రవక్తను గేలి చేసిన పిల్లలను ఎలుగుబంట్లు చీల్చిన సంగతిని అల్లరి ఆపడానికి వాడేవాళ్ళున్నారు, అది అసలే వద్దు.

మీరు ఎవరు, మీ పిల్లలు ఎవరు?

ఇంట్లో చెప్పే అమ్మకో, జేజికో కథల వరుస అక్కరలేదు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో చెప్పినట్టు ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడండి. మంద ఎదురైనప్పుడు కాపరి కథ, పెన్న వంతెన దాటేటప్పుడు రెండు ఇళ్ళు. ఐదు నిమిషాలు చాలు.

అన్ని వయసులూ ఒకే చాప మీద ఉంటే సమూయేలు తీసుకోండి. చిన్నవాళ్ళు పరుగెత్తుతారు, పెద్దవాళ్ళలో ఒకరు ఏలీ అవుతారు, పాట అయ్యాక చిన్నవాళ్ళకు బొమ్మకు రంగులు వేసే పని ఇచ్చి పెద్దవాళ్ళతో 11 నుంచి 18 వచనాలు చదివించండి. ఇద్దరికీ సరిపోయే కథ ఇంకొకటి దొరకడం కష్టం.

ఎండాకాలం సెలవుల్లో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) పెట్టేవాళ్ళకు ఐదు రోజులుంటే కాపరి, సమూయేలు, నయమాను, చివరి రెండు రోజులూ యోనా. మన ఎండలకు పొద్దున పది దాటకముందే పిల్లలను ఇంటికి పంపించేయాలి కాబట్టి రోజుకు ఒక కథ, ఒక పాట, ఒక ఆట, తినడానికి ఇంత ఉగ్గాని. అంతకన్నా ఎక్కించకండి. వీబీఎస్‌కు హిందువుల, ముస్లిముల పిల్లలూ వస్తారు. వాళ్ళ అమ్మానాన్నలకు ఏం చెబుతామో ముందే చెప్పి ఒప్పుకుంటేనే కూర్చోబెట్టండి. "మీ ఇంట్లోవాళ్ళు దేవుని మాట విననివాళ్ళు" అన్న అర్థం వచ్చే ఒక్క మాట కూడా ఆ బిడ్డ చెవిన పడకూడదు. వాళ్ళున్న చోట నేను కాపరి కథకు, రెండు ఇళ్ళకు ఓటు వేస్తాను.

చెవులు సరిగ్గా వినబడని బిడ్డ తరగతిలో ఉంటే ఎంపిక మార్చాలి. స్వరం, పిలుపు, చెవి చుట్టూ తిరిగే సమూయేలు, ఏలీయా ఆ బిడ్డను బయట నిలబెడతాయి. నయమాను తీసుకోండి, లేదా రెండు ఇళ్ళు. వాటిలో వినడం చేతల్లో కనబడుతుంది. ఇసుక, బండ, నీళ్ళ చెంబు ముందు పెట్టి చేసి చూపించండి.

నోటితోనా, బొమ్మలతోనా, ఫోనులోనా?

కాపరికి ఫ్లానెల్ బోర్డు (బొమ్మలు అతుక్కునే గుడ్డ పలక) బొమ్మలు బాగుంటాయి. సమూయేలుకు, నయమానుకు ఆడి చూపించడమే మేలు. యోనాకు ఏ బొమ్మా అక్కరలేదు, నాలుగో అధ్యాయంలోని మాటలే చాలు. ఫోనులో కార్టూను పెట్టడం తేలికే, పిల్లలు కదలకుండా చూస్తారు. కానీ ఇది వినడం గురించిన పాఠం. టీచరక్క కళ్ళలోకి చూస్తూ ఒక మనిషి గొంతు వినడం పిల్లలకు అలవాటు కావాలి. ఆ పని ఫోను చేయలేదు. కార్టూను పెట్టాలనుకుంటే కథ నోటితో చెప్పాక, వచ్చే వారం పెట్టండి.

కంఠత వాక్యం వయసును బట్టి. చిన్నవాళ్ళకు "నా గొఱ్ఱెలు నా స్వరము వినును." ఆరేడేళ్ళ వాళ్ళకు "నీ దాసుడు ఆలకించుచున్నాడు." పెద్దవాళ్ళకు, విని ఊరుకోక వాక్యం ప్రకారం చేయమనే యాకోబు 1:22. బైబిలు భాష బడి భాషకన్నా పాతది, కాబట్టి కథంతా ఇంటి మాటల్లో చెప్పి, వాక్యం అర్థం కూడా ఇంటి మాటల్లోనే చెప్పి, ఆ తరువాత బైబిల్లో ఉన్నది ఉన్నట్టు వల్లె వేయించండి. వల్లె వేయలేని బిడ్డను లేపి నిలబెట్టకండి, పక్కవాళ్ళతో కలిసి చెప్పనివ్వండి.